ఈ రేత్రికి ఏం నాటకం?

మామిడి పూత పిందెగా మారే రోజులకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో పొడవాటి కరపత్రాలు కనబడతాయి. టీకొట్టు గోడకు ఒకటి, పాలకేంద్రం తలుపుకు ఒకటి, ఆటో వెనకద్దానికి ఇంకొకటి. పైన ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి బొమ్మ, దాని కింద ‘మహాభారత యజ్ఞ మహోత్సవం’ అని పెద్దక్షరాలు. ఆ కింద గళ్లు గీసిన పట్టిక: తేదీ, వారం, మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం, ఆనాటి ఖర్చు భరించే ఉభయదారుల పేర్లు. మామూలుగా పద్దెనిమిది రోజులు. కొన్ని ఊళ్లలో ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. ధ్వజారోహణంతో మొదలై ధర్మరాజు పట్టాభిషేకంతో ముగుస్తుంది.

జనం నోట మాత్రం ఇంత పేరు ఉండదు. ‘మా ఊళ్లో భారతం’ అంటారు, అంతే. భారతం జరిగే చోటికి భారతం మిట్ట అని పేరు. ఏడాదంతా పిల్లలు క్రికెట్ ఆడుకునే ఖాళీ జాగా ఆ పద్దెనిమిది రోజులూ హస్తినాపురం, మత్స్యదేశం, కురుక్షేత్రం అవుతుంది.

ఇది గుడి ఉత్సవం. అంతకు ఏమాత్రం తగ్గని నాటకోత్సవం కూడా. పట్నంలో ఒక పరిషత్తు మూడు రోజులో, ఐదు రోజులో నాటకాల పోటీలు పెడితే పత్రికల్లో ఫొటోలతో వార్తలు వస్తాయి. ఇక్కడ ఒక్కో పల్లె, చందాలు పోగేసుకుని, వరుసగా రోజుకొక నాటకం ఆడిస్తుంది. టికెట్టు లేదు. ఒక ఊళ్లో పట్టాభిషేకం అయ్యేసరికి ఇంకో ఊళ్లో జెండా ఎక్కుతుంది. ఎండాకాలంలో మొదలైన వరస వానాకాలం దాకా సాగుతుంది. తెలుగు నాటకరంగం బతికుందా లేదా అని సభలు పెట్టి చర్చించేవాళ్లు ఈ లెక్కను కూడా అందులో వేసుకోవాలి.

అయితే జనం విరగబడేది మూడు ఘట్టాలకే: అర్జునుడి తపస్సు, దుర్యోధన వధ, అగ్నిగుండం. ఆ మూడూ వెలుతురు ఉండగానో, పొద్దుగూకే వేళకో జరిగేవి. వాటికి కార్లు, బస్సులు, బొమ్మల అంగళ్లు, ఐస్‌బండ్లు. మిగతా రాత్రుల్లో తెర వెనక నుంచి వచ్చే పాత్రలకు ఎదురుగా పరిచిన చాపలు మాత్రం ఏటేటా పలచబడుతున్నాయి. ఈసారి ఆ రాత్రులకు పోయి కూర్చోండి. చూడాల్సిన నాటకం అక్కడే ఉంది.

మధ్యాహ్నం కథ, రాత్రి ఆట

భారతం నడిచే తీరులో ఒక నేర్పు ఉంది. మధ్యాహ్నం హరికథ. భాగవతారో, భాగవతారిణో కాలికి గజ్జె, మెడలో పూలదండ, చేతిలో చిడతలతో ఆనాటి పర్వం చెబుతారు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు ఒక మహాకళగా నిలబెట్టిన హరికథకు ఇవాళ ఏకబిగిన ఇన్నిరోజుల సభ దొరికే చోట్లలో చిత్తూరు సీమ పల్లెలు ముందుంటాయి. నన్నయ, తిక్కన, ఎర్రన పద్యం, దాని మీద పిట్టకథ, మళ్లీ పద్యం. ముందు వరసలో ముసలమ్మలు, వెనక వేపచెట్టు నీడలో మగవాళ్లు.

మధ్యాహ్నం విన్న కథే రాత్రికి వేషం కట్టుకుని వస్తుంది. కాబట్టి రాత్రి నాటకానికి వచ్చిన ప్రేక్షకుడికి తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలుసు. ఎలా ఆడతారన్నదే వాడికి కావాలి. మయసభలో దుర్యోధనుడు ఎక్కడ జారిపడతాడో పిల్లలకూ తెలుసు. ఈ దుర్యోధనుడు ఎలా జారతాడో చూడాలని మేలుకుంటారు. అందుకే పొద్దున్నుంచీ ఊళ్లో ఒకటే ప్రశ్న: ‘ఈ రేత్రికి ఏం నాటకమబ్బా?’

కరపత్రంలో ఆ జవాబు ఉంటుంది. ద్రౌపదీ కల్యాణం, సుభద్రా పరిణయం, రాజసూయం, మాయజూదం, వస్త్రాపహరణం, కీచక వధ, ఉత్తర గోగ్రహణం, కృష్ణ రాయబారం, అభిమన్యు వధ, కర్ణ మోక్షం. విరాటపర్వం చదివితే వానలు పడతాయన్న నమ్మకం తెలుగునాట అంతటా ఉంది. బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని పడమటి మండలాల్లో ఆ నమ్మకానికి ఉన్న బరువు కోస్తావాళ్లకు అంత తేలిగ్గా అర్థం కాదు.

రాత్రి తొమ్మిది, పది మధ్య భోజనాలు ముగిశాక మద్దెల మోగుతుంది. అప్పటికి మిట్ట వెనక పందిట్లో వేషాలు సగం అయ్యుంటాయి. ఒక చేతిలో చిన్న అద్దం, ఇంకో చేతిలో ఈనెపుల్ల. ముఖానికి ఇదివరకు పచ్చని అర్దళం పూసేవాళ్లు, ఇప్పుడు చాలా జట్లు కొనుక్కొచ్చిన రంగులే వాడుతున్నాయి. కనుబొమ మీద నల్లటి గీత చెంప దాకా దిగాలంటే చెయ్యి వణకకూడదు. కిరీటం, భుజకీర్తులు, ఎదమీద పలక, అన్నీ తేలికపాటి కర్రతో చేసినవే. వాటిమీద అద్దం ముక్కలు, తళుకు కాగితాలు. తేలికపాటి కర్ర అన్నమాటే గానీ అన్నీ కట్టుకుని, నడుముకు బట్టల మీద బట్టలు చుట్టుకుని, కాళ్లకు గజ్జెలతో నాలుగు గంటలు ఎగరాలంటే ఒళ్లు హూనమవుతుంది. ఆ మనిషి పగలు పొలంలోనో, గ్రానైటు పనిలోనో, మేస్త్రీ వెంటో ఉండి వచ్చి ఉంటాడు.

పాత్ర ఊరికే వచ్చేయదు. ఇద్దరు మనుషులు ఒక తెర పట్టుకుని నిలబడతారు. తెర కింద ముందు పాదాలు కనిపిస్తాయి. గజ్జె ఒకసారి ఘల్లుమంటుంది, ఆగుతుంది. తెర పైన కిరీటం కొన ఊగుతుంది. లోపలి నుంచే పాత్ర తన పేరూ, వంశం, ప్రతాపం పాడుకుంటుంది, ‘వచ్చెనే రాజు’ అన్న ధోరణిలో, తన గురించి తానే వేరేవాడి గురించి చెప్పినట్టు. మద్దెల అందుకుంటుంది, వంతపాటవాళ్లు అందుకుంటారు. ఒక్క దుర్యోధనుడి ప్రవేశమే అరగంట తీసుకోవచ్చు. తెర జారిన క్షణాన ఈలలు పడతాయి. సినిమాలో కథానాయకుడి తొలి దృశ్యానికి ఇవాళ పడే ఈలలకు ఇది పాత ఇల్లు.

ఆ వెంటనే హాస్యగాడు తగులుకుంటాడు. రాజును ‘నువ్వెవరయ్యా, ఏ ఊరు, ఏం పని మీద వచ్చినావు?’ అని అడగడం వాడి హక్కు. హస్తినాపురానికీ, ఎదురుగా చాపమీద కూర్చున్న ఊరికీ వాడే వంతెన. టమోటా ధర మీద ఒక మాట, పంచాయతీ కుళాయి మీద ఒక మాట వేస్తాడు. రాతప్రతిలో లేని నాటకం అదే. రోజూ మారుతుంది. మంచి హాస్యగాడు ఉన్న జట్టును ఊళ్లు ఒక ఏడాది ముందే మాట్లాడుకుంటాయి.

మూడు రాత్రులు మాత్రమే కుదురుతాయనుకునేవాళ్లకు ఒక సలహా. వస్త్రాపహరణం, కీచక వధ, కర్ణ మోక్షం ఎంచుకోండి. మొదటిదానిలో సభ మౌనం ప్రేక్షకుల మీదికి కూడా పాకుతుంది. ద్రౌపది వేషం కట్టింది చాలాచోట్ల మగవాడే. అయినా ఆ ద్రౌపది సభను అడుగుతున్న ప్రశ్నకు ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కనిపిస్తుంది. కర్ణుడి రాత్రి కుంతి కొడుకును తలుచుకుని ఏడుస్తుంటే ముసలివాళ్లు కూడా ఆపుకోలేరు.

కీచక వధకు ఇంకో సంగతి ఉంది. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో తోలుబొమ్మలాడించే వనారస వంశంవాళ్లు ఒక పెళ్లి సందర్భంలో బొమ్మలు పక్కనపెట్టి తామే వేషాలు కట్టి ఆడిన నాటకం కీచక వధే. అక్కణ్నుంచే సురభి నాటక సమాజం పుట్టింది. మదనపల్లెకు ఆ ఊరు పెద్ద దూరం కాదు. తెలుగు రంగస్థలం చరిత్రలో గొప్పగా చెప్పుకునే ఆ సమాజం మొదలుపెట్టిన కథనే, ఈ పల్లెలు అదే సీమలో ఇప్పటికీ వీధినాటకంగా ఆడుకుంటున్నాయి.

ఊరే రంగస్థలం

పెద్ద ఘట్టాలను చిన్నచూపు చూడమని కాదు. నాటకం వేదిక దిగి ఊరంతా పరుచుకోవడం చూడాలంటే అవే చూడాలి. బకాసుర వధ రోజు భీముడు బండెక్కుతాడు. బండి నిండా అన్నం, పిండివంటలు, పండ్లు. ఇంటింటి ముందూ ఆగి, ఇచ్చింది తింటూ, పిల్లలను గదమాయిస్తూ ఊరు చుట్టివస్తాడు. ఆ పూట ఏకచక్రపురం అంటే ఈ ఊరే.

తపస్సు మాను కథ ఇంకా లోతైనది. మిట్ట మీద ఎత్తయిన మాను పాతి, ఎక్కడానికి మెట్లలా కర్రలు బిగిస్తారు. అర్జునుడి వేషధారి ఒక్కో మెట్టుకూ ఒక పద్యం పాడుతూ ఎక్కుతాడు. కింద సంతానం లేని ఆడవాళ్లు తడిబట్టలతో నేలమీద వరపడతారు. పైకి చేరాక అతడు విసిరే నిమ్మకాయ, పువ్వు, విభూతి ఒళ్లో పడితే బిడ్డ పుడతాడని నమ్మకం. కొంగు చాపి పడుకున్న ఆ ఆడవాళ్ల చుట్టూ అత్తలు, అమ్మలు, మొగుళ్లు కాపలాగా నిలబడి ఉంటారు. ఆ మాను మీదున్న మనిషికి తాను నటిస్తున్నానన్న ఊహ ఆ గంటసేపూ ఉండదు. వేషం కట్టేవాళ్లు ముందు నుంచే ఉపవాసం, నియమం పాటిస్తారు. కాలు జారితే ప్రాణానికే ముప్పు కాబట్టి నడుముకు తాడు కట్టే ఏర్పాటు అన్ని ఊళ్లూ చేస్తే బాగుంటుంది. నియమానికీ తాడుకూ తగాదా ఏమీ లేదు.

పద్దెనిమిదో రోజు పొద్దున మిట్ట మీద దుర్యోధనుడు పడుకుని ఉంటాడు. మట్టితో చేసిన భారీ బొమ్మ. చేతులు, కాళ్లు బారచాపి, మీసం తిప్పి, రంగులు వేసి ఉంటుంది. వేషం కట్టిన భీముడూ దుర్యోధనుడూ గదలతో ఆ బొమ్మ చుట్టూ, దానిమీద, జనం మధ్య తరుముకుంటారు. జనం భీముడికి దారి ఇస్తారు, దుర్యోధనుడికి అడ్డం పడతారు. చివరికి తొడమీద గద పడుతుంది. లోపల దాచిన ఎర్రనీళ్లు చిమ్ముతాయి. ఇన్నాళ్లుగా విరబోసుకున్న జుట్టుకు ద్రౌపది ఆ ఎరుపు పులిమి ముడి వేసుకుంటుంది. కొన్ని ఊళ్లలో ఆ బొమ్మ మట్టి కోసం జనం ఎగబడతారు. పిడికెడు తెచ్చి గింజల గాదెలో వేస్తారు. సాయంత్రానికి అగ్నిగుండం. కంకణం కట్టుకున్నవాళ్లు నిప్పుల మీద నడుస్తారు.

ఇంగ్లండ్ దర్శకుడు పీటర్ బ్రూక్ 1985లో ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ ఉత్సవంలో మహాభారతం ఆడించాడు. జాన్ క్లాడ్ కారియేర్ రాసిన ఆ నాటకం తొమ్మిది గంటలు. ఒక పాత రాతిగని మధ్యలో కొన్ని ప్రదర్శనలు రాత్రంతా సాగి తెల్లవారుజామున ముగిశాయి. ప్రపంచ నాటకరంగంలో దాన్ని ఒక మైలురాయిగా చెప్పుకుంటారు. అందుకు అది అర్హమే. రాతిగనులున్న కుప్పం సీమలో అంతకంటే ఎన్నోరెట్లు పొడుగైన భారతాన్ని, ఏ దర్శకుడి పేరూ లేకుండా, ఊళ్లు తమంతట తాము ఆడుకుంటున్నాయి. ద్రౌపది కొలువు మీద అమెరికా పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ తమిళనాడులోని జింజి కేంద్రంగా చేసిన పరిశోధన 1988, 1991లో రెండు సంపుటాలుగా వచ్చింది. తెలుగువైపు భారతాల మీద అంత పెద్ద పని జరగాల్సి ఉంది. సింగపూర్‌లోని మారియమ్మ గుడిలో ఏటా జరిగే నిప్పుల నడక కూడా ద్రౌపది పేరిటే. ఓడలెక్కిపోయిన దక్షిణాది కూలీలు తమ వెంట తీసుకుపోయిన భారతం అది.

మూడు భాషల కుప్పం

కుప్పంలో నిలబడితే తమిళనాడు ఒకవైపు, కర్ణాటక ఇంకోవైపు. ఇంట్లో ఒక భాష, సంతలో ఒకటి, రైల్లో మూడోది మాట్లాడే మనుషులు. నాటకం కూడా అలాగే ఉంటుంది. తెలుగు వీధినాటకమూ తమిళ తెరుక్కూత్తూ ఇక్కడ ఒకే కుటుంబం. కిరీటాలు ఒకటే, తెర ఒకటే, మద్దెల నడకలూ దగ్గరివే. పాట ఒక భాషలో పాడి వచనం ఇంకో భాషలో చెప్పినా ఇక్కడి ప్రేక్షకుడు తడుముకోడు. అటు బెంగళూరులో చైత్ర పౌర్ణమికి ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరే కరగ కూడా ద్రౌపది ఉత్సవమే. మూడు రాష్ట్రాల ఈ మూలంతా ఆమె రాజ్యం అనుకోవాలి.

1997లో కుప్పంలో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం సరిగ్గా ఇలాంటి పనికి తగిన చోటు. దక్షిణాది భాషల్ని కలిపి చదవడానికే దాన్ని స్థాపించారు. దాని చుట్టూ ఉన్న పల్లెల్లో ప్రతి వేసవీ రాత్రంతా మేలుకునే రంగస్థలాలు ఉన్నాయి. పాత హాస్యగాళ్ల నోటిలో ఉన్నదీ, మద్దెలవాళ్ల చేతిలో ఉన్నదీ కాగితం మీదికి, కెమెరాలోకి ఎక్కాలి. ఇది తొందరగా జరగాల్సిన పని. ముఖవీణ వాయించేవాళ్లు ఇప్పటికే వేళ్ల మీద లెక్కపెట్టేంత అయ్యారు. చాలా జట్లలో ఆ చోటును హార్మోనియం తీసుకుంది.

భారతమే కాదు, మే నెలలో కుప్పానికి ప్రసన్న తిరుపతి గంగమాంబ జాతర కూడా ఉంది. అమ్మవారి శిరస్సు ఊరేగింపుతో పట్టణం కదిలిపోతుంది. విశ్వరూప దర్శనం రోజున మూడు రాష్ట్రాల జనం వస్తారు. పలకల మోత, కోలాటం, చెక్కభజన, వేషాలు, అన్నీ వీధిలోనే. పుంగనూరు జాతర దీనికంటే ముందే, మార్చి, ఏప్రిల్ నెలల్లో పడుతుంది. సుగుటూరు గంగమ్మను పట్టణంలో ఊరేగించి జమీందారుల ప్యాలెస్‌లో కొలువు తీరుస్తారు. మొదటి పూజ ఆ కుటుంబానిది, తర్వాత ఊరందరిదీ. గుడి కాకుండా పాత రాజమందిరమే అమ్మవారికి వేదిక కావడం పుంగనూరు ప్రత్యేకత.

మదనపల్లె పాట

మదనపల్లెది వేరే చరిత్ర. అనీబిసెంట్ 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల ఈ ఊరికి చదువుతోపాటు వేదికనూ ఇచ్చింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికి వచ్చి బస చేశాడు. ఐర్లండ్ కవి జేమ్స్ కజిన్స్ అప్పుడు కళాశాల ప్రిన్సిపాల్. విద్యార్థులు, ఉపాధ్యాయులు వారానికోసారి చేరి పాటలు పాడుకునే సాయంత్రం ఒకటి ఉండేది. అక్కడ ఠాగూర్ లేచి తన బెంగాలీ పాట ఒకటి వినిపించాడు. విన్నవాళ్లు వంత కలిపారు. జేమ్స్ భార్య, సంగీతంలో పట్టా ఉన్న మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరం రాసిపెట్టింది. ఫిబ్రవరి 28న ఠాగూర్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. 1950లో జాతీయగీతమైన ‘జనగణమన’ అదే.

ఒక చిన్న ఊళ్లో, ఒక కాలేజీ హాల్లో, కొద్దిమంది ముందు పాడిన పాట అది. ఏ ప్రదర్శన ఎంత దూరం పోతుందో ఆ సాయంత్రం అక్కడ కూర్చున్నవాళ్లు ఊహించి ఉండరు. అలాంటి ఊరికి పద్యనాటకం, సాంఘిక నాటకం రిహార్సల్ చేసుకోవడానికీ, ఆడుకోవడానికీ మంచి వేదిక, తక్కువ అద్దెకు, ఏడాది పొడుగునా దొరకాలి. పెళ్లిళ్ల సీజన్‌లో కల్యాణమండపాల అద్దె ఏ నాటక సమాజమూ కట్టలేదు.

ఎలా చూడాలి, ఎలా నిలబెట్టాలి

జాతరల్లో, కొన్ని భారతాల్లో కూడా నాటకం రాత్రులు కొన్ని ఆర్కెస్ట్రాలకూ రికార్డింగ్ డ్యాన్సులకూ పోతున్నాయి. కుర్రకారు వస్తారని నిర్వాహకులు చెబుతారు. నిజమే, వస్తారు. కానీ ఆ కుర్రాళ్లే అభిమన్యుడి రాత్రి మంచి జట్టు వస్తే ముందు వరసలో నిలబడి ఫోన్లలో తీస్తున్నారు. బలహీనమైన జట్టును తెచ్చి, పదకొండున్నరకు మొదలుపెట్టి, మైకు గీపెడుతుంటే ఎవరూ కూర్చోరు. తప్పు కళది కాదు. పద్దెనిమిది రాత్రులకూ సరిపడా మంచి జట్టుకు ఇవ్వాల్సిన డబ్బు పోగేయలేక ఆ పెద్ద రోజులకు ఖర్చుపెట్టి మిగతావి ఎలాగో గడిపేస్తున్నారు.

చూడబోయేవాళ్లు ముందు ఆ ఊరి కరపత్రం సంపాదించాలి. ఊరి వాట్సాప్ గుంపుల్లో ఫొటో తిరుగుతూనే ఉంటుంది. తేదీలు ఊరికొకటి, ఏటికొకటి మారతాయి కాబట్టి నిరుడు చూసిన తేదీని నమ్ముకుని పోవద్దు. చాప, దుప్పటి, మంచినీళ్ల సీసా తీసుకుపోవాలి. హార్స్‌లీ కొండ గాలి తగిలే పల్లెల్లో మే నెల తెల్లవారుజాము కూడా చల్లగానే ఉంటుంది. ఫ్లాష్ వేసి పాత్రధారి కళ్లలో కొట్టకూడదు, తపస్సు మాను కింద వరపడిన ఆడవాళ్లను అసలు ఫొటో తీయకూడదు.

బెంగళూరు, తిరుపతి, చెన్నైలకు ఉద్యోగాలకు పోయిన ఈ ఊళ్ల పిల్లలు భారతానికి సెలవు పెట్టి వస్తారు. చందా ఇస్తే ఎక్కువగా అన్నదానానికో, విద్యుద్దీపాలకో ఇస్తారు. ఈసారి కరపత్రంలో ఉభయదారుల గడి ఖాళీగా ఉన్న రాత్రి ఏదైనా ఉందేమో కమిటీవాళ్లను అడగాలి. ఎక్కువగా అలా మిగిలిపోయేవి గోగ్రహణం, రాయబారం లాంటి మధ్యలో వచ్చే రాత్రులే. స్నేహితులు నలుగురు కలిస్తే ఒక రాత్రి నాటకం ఖర్చు మోయగలరు. ఆ డబ్బు ఫలానా జట్టుకే, ఫలానా నాటకానికే అని ముందే మాట్లాడుకోవడం మంచిది. పది గంటలకల్లా తెర పట్టాలని కూడా అడగవచ్చు.